అందరూ వస్తేనే

బద్యా వ్యాను హారన్‌ను మా క్రాస్ రోడ్డులో ఎవరైనా నిద్రలో కూడా గుర్తుపడతారు. పొట్టిగా రెండుసార్లు, ఆ తర్వాత చెయ్యి తీయకుండా ఒక పొడుగు కూత. ఒకప్పుడు అది ఎండ బాగా పడ్డాక వినిపించేది. ఇప్పుడు మసక విడవకముందే వినిపిస్తోంది. హారన్ అదే, వ్యాను అదే, ఎక్కే పిల్లలూ వాళ్ళే. పోయే చోటు మాత్రం అది కాదు.

కారేపల్లి దాటి అడవి వైపు వచ్చే దారిలో ఉంటుంది ఈ క్రాస్ రోడ్డు. డిగ్రీ మధ్యలో వదిలేసి ఇక్కడ టైర్ల షాపు పెట్టుకున్నవాణ్ణి నేను. చదువు గొప్పతనం మీద ఉపన్యాసం ఇచ్చే మొహం నాకు లేదు, ఇవ్వను కూడా. బద్యా సంగతి చెప్తాను, అంతే.

బద్యాది ఇక్కడికి లోపలగా, వాగు పక్కనుండే వాగొడ్డు తండా. లంబాడీ. చిన్నప్పుడు మేకల వెంట తిరిగాడు. మీసాలొచ్చాక ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోశాడు, లారీ మీద క్లీనర్‌గా పోయాడు, స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నాడు, చివరికి ఫైనాన్స్ మీద ఒక పాత వ్యాను తెచ్చుకున్నాడు. బడికి పోలేదు. పోవడానికి అప్పుడు తండాలో బడే లేదు. సర్కారు వాళ్ళు ఒక గదీ ఒక వరండా కట్టేనాటికి ఇతను దాని పునాదికి రాళ్ళు మోసే వయసులో ఉన్నాడు. వ్యానులో ఆ బడి ముందు నుంచి పోయినప్పుడల్లా "గా మూల రాయి నేను పెట్టిందే" అని చూపించేవాడు. ఒక్కోసారి ఒక్కో మూల చూపించేవాడు.

అతనికి ఒక్కతే బిడ్డ, కమ్లి. నానమ్మ పేరు పెట్టారు. ఆ బడిలోనే నాలుగో తరగతి దాకా వచ్చింది. సెలవు రోజున వాళ్ళ నాయన పక్క సీట్లో కూర్చుని లారీల వెనక రాసినవన్నీ పైకి చదువుతూ వచ్చేది. నా షాపు బోర్డునూ వదిలిపెట్టలేదు.

"అన్నా, ఇర్వై నాలుగు గంటలు తెరిచుంటదని రాసినవ్. పొద్దుగాల ఎప్పుడొచ్చినా షట్టర్ మూసే ఉంటది. దొంగ బోర్డు పెట్టినవా?"

"నీ బిడ్డకు నోరెక్కువైందన్నా" అన్నాను బద్యాతో.

"నోరు గాదు, సదువు" అన్నాడు బద్యా. టైరులో గాలి ఎక్కుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు. కమ్లి పదో తరగతి దాటాలన్నది అతనికున్న ఒకే ఒక్క కోరిక. తర్వాత ఏమిటని అడిగితే "పది దాటినంక దాని ఇష్టం, నాకేం తెలుసు" అనేవాడు. అతనికి తెలిసిన చదువులో పదే కొస.

ఆ తండాకి ఒక పద్ధతి ఉంది. పెద్ద విషయం ఏదొచ్చినా తండా పెద్ద నాయక్ ఇంటి ముందు, తమ గురువు సేవాలాల్ జెండా దగ్గర అందరూ కూర్చుంటారు. అరుచుకుంటారు, తిట్టుకుంటారు. కానీ ఒక మాట అనుకున్నాక తండా మొత్తం ఆ మాట మీదే ఉండాలి. తప్పినవాడికి దండుగ వేస్తారు. దండుగ కన్నా భయపెట్టేది ఇంకొకటి ఉంది. వాడి ఇంట్లో పెళ్ళికి రారు, చావుకూ రారు. ఈ పద్ధతిని నేను వెక్కిరించను. పోడు భూముల దగ్గర అటవీ శాఖతో గొడవలైనప్పుడు పక్క ఊళ్ళలో ఇల్లిల్లూ విడిపోయి చేలు పోగొట్టుకున్నారు. వీళ్ళు ఒక్క ఇల్లు కూడా కదలకుండా నిలబడ్డారు, చేలు దక్కాయి.

మెయిన్ రోడ్డు మీద వెంకటేశ్వరరావు అనే ఆయనకు ఇంగ్లిష్ మీడియం స్కూలుంది. అందరూ కరస్పాండెంట్ గారంటారు. రెండు వేసవుల కిందట ఆయన తెల్ల కారులో తండాకి వచ్చాడు. టైరు మార్చే పని మీద నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. నాయక్ మంగీలాల్ ఆయనకు కుర్చీ వేయించి, తను మంచం మీద కూర్చున్నాడు.

"నాది వ్యాపారం గాదు నాయక్ గారూ, సేవ" అన్నాడు కరస్పాండెంట్.

"సేవయితే మల్ల ఫీజెందుకు సారూ?" అన్నాడు మంగీలాల్.

"సేవకు గూడా డీజిల్ కావాలె గద."

అందరూ నవ్వారు. నవ్వించిన మనిషికి సగం పని అయిపోయినట్టే. టై, బూట్లు, ఇంగ్లిష్, కంప్యూటర్ గది, అన్నీ చెప్పాడు. మొదటి ఏడాది ఫీజు పేరుకే అన్నాడు. వ్యాను తండా దాకా వస్తుందన్నాడు. నడిపేది కూడా బయటివాడు కాదు, మన బద్యానే తన వ్యానుతో, నెల జీతం మీద అన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"ఒక్కటే షరతు. అందరు వస్తేనే. నలుగురొస్తే నాకు గిట్టది. తండా పిల్లలంత ఎక్కితేనే బండి కదుల్తది."

వాళ్ళకు ఆ షరతు షరతులా అనిపించలేదు. అందరూ ఒక్క మాట మీద పోవడం వాళ్ళకు వచ్చిన పనే. ఆయన ఎవరినైనా వాకబు చేసి వచ్చాడో, గాలిలో రాయి విసిరాడో నాకు తెలియదు. రాయి మాత్రం తగలాల్సిన చోటే తగిలింది.

బద్యా భార్య ద్వాలి ఒక్కతే అడ్డం మాట్లాడింది. "మన పిల్ల తెలుగు గలగల సదువుతాంది. టై కడితే ఇంకా ఎక్కువొస్తదా ఏంది?"

"సర్కారు సారు నెలల సగం రోజులు మీటింగులని పోతడు. తాళం నీకేమన్న సదువు చెప్తదా?" అని ఎవరో అరిచారు. అది అబద్ధం కాదు. ఉన్నది ఒక్కడే సారు, రవీందర్. ఖమ్మం నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. చిన్నపిల్లల కోసం లంబాడీ మాటలు నేర్చుకున్న మాట నిజమే, బస్సు తప్పితే బడికి తాళం ఉన్న మాటా నిజమే. పక్క ఊళ్ళ పిల్లలు టైలు కట్టుకుని పోతుంటే తమ పిల్లలు ఆ తాళం ముందు ఆడుకోవడం తల్లులకు కొట్టొచ్చినట్టు కనిపించేది. జెండా దగ్గర మాట అనుకున్నారు. అందరూ వ్యాను ఎక్కాలి.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందు రవీందర్ సారు ఎవరిదో బైకు తోసుకుంటూ నా షాపుకు వచ్చాడు. పంక్చరు కోసమే వచ్చాడో, బద్యా వ్యాను అక్కడ ఆగి ఉండడం చూసి వచ్చాడో తెలియదు.

"బద్యా, ఒక్క పిల్లను ఉంచు" అన్నాడు ఏ ముందుమాటా లేకుండా. "నీ కమ్లిని ఉంచు చాలు."

"ఎందుకు సార్, ఒక్కదానికి చెప్తవా?"

"ఒక్క పిల్ల ఉన్నా బడి ఉంటది. ఎవ్వరూ లేరంటే మూస్తరు. రేపు మీకు అక్కడ పడకపోతే తిరిగి రానీకి తలుపుండాలె గద. నీ బిడ్డ ఆ తలుపు పట్టుకొని నిలబడితే చాలు."

"సార్, బండి నడిపేటోణ్ణి నేను. నా బిడ్డనే దింపితే తండా నా మొఖం మీద ఉమ్ముతది."

"ఉమ్మనీ. కడుక్కుంటే పోతది."

"మీది ఖమ్మం సార్. మీకు పోతది."

రవీందర్ సారు బైకు ఎక్కి పోయాడు. బద్యా మాత్రం ఆ మాటను మోసుకుని మంగీలాల్ దగ్గరికి వెళ్ళాడట. "ముందుగాల నీ మాటే పోతే ఇంకెవని మాట నిలుస్తది?" అన్నాడట మంగీలాల్. బద్యా తిరిగొచ్చాడు.

జూన్‌లో వ్యాను మొదటిరోజు పోతుంటే చూశాను. ఎర్ర టైలు, నూనె పెట్టి దువ్విన తలలు. కమ్లి కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఒక్క పిల్లా మిగలలేదు. మిగతాచోట బడి మెల్లమెల్లగా ఎండిపోతుంది. ఎక్కడో ఓ ముసలమ్మ మనవడు, తాగుబోతు కొడుకు, వ్యానుకు ఇవ్వలేని ఇంటి పిల్ల, ఎవరో ఒకరు ఆ బడిని బతికిస్తుంటారు. వాగొడ్డు తండాలో అలా మిగలడానికి వీల్లేదు. లేని ఇంటి పిల్లలకు తండానే తలా ఇంత వేసుకుని మొదటి ఫీజు కట్టింది. అంత మంచివాళ్ళు కాబట్టే బడి ఒక్కరోజులో ఖాళీ అయింది.

కొన్నాళ్ళు రవీందర్ సారు ఖాళీ గదిలో కూర్చున్నాడు. తర్వాత ఆయన్ని వేరే ఊరికి పంపారు. గంటగా వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఎవరో పట్టుకుపోయారు. మిర్చి కొనే ఆసామి ఒకడు తాళం తీయించి గదిలో బస్తాలు వేశాడు. ఆ కిటికీ పక్క నుంచి పోతే పిల్లలకు తుమ్ములు వచ్చేవి. నవ్వుకుంటూ పరుగెత్తేవాళ్ళు. నాకెందుకో ఆ నవ్వు బాగా అనిపించేది కాదు.

కొత్త స్కూల్లో కమ్లిని ఒకటో తరగతిలో కూర్చోబెట్టారు. ఇంగ్లిష్ రాదు కాబట్టి మొదటినుంచి రావాలన్నారు. తండా పిల్లలందరికీ అదే. చిన్న బెంచీ కింద దాని మోకాళ్ళు పట్టేవి కాదు, పక్కకు పెట్టి కూర్చునేది. వ్యానులో పైకి చదవడం మానేసింది.

"ఏందే, గా లారీ మీద ఏం రాసిందో చెప్పు" అని బద్యా అడిగితే, "నేను ఒకటో తరగతి బాపూ, నాకేం వస్తది" అంది. నేను టైరు బోల్టులు బిగిస్తూ విన్నాను. వెక్కిరింపు కాదు. నిజంగానే అలా అనుకుంటోంది.

సంక్రాంతి సెలవులయ్యాక పరీక్షలు వచ్చాయి. మిర్చి ఇంకా చేలలోనే ఉంది, ఎవరి చేతిలోనూ పైసా లేదు. రెండో విడత ఫీజు కట్టనివాళ్ళను పరీక్ష గదిలోకి రానివ్వలేదు. బద్యా మధ్యాహ్నం వ్యాను పెట్టి చూస్తే, తండా పిల్లలందరూ వరండాలో గోడకు ఆనుకుని వరసగా నిలబడి ఉన్నారు. ఎండ మొహాల మీద కొడుతోంది. వరసలో పొడుగ్గా కనిపించేది కమ్లే.

బద్యా నేరుగా కరస్పాండెంట్ గదిలోకి పోయాడు. తర్వాత నా షాపులో కూర్చుని ఆ మాటలన్నీ అప్పజెప్పినట్టు చెప్పాడు.

"నీడన్న నిలబెట్టాలె గద సార్."

"నాది సత్రం కాదు గద బద్యా" అన్నాడట ఆయన. గొంతు పెంచలేదట. ఆయన ఎప్పుడూ పెంచడు. "చూడు, నువ్వు మా స్టాఫ్. నీ బిడ్డను నేను లోపలికి తీసుకుంటా. పరీక్ష రాయనీ. మిగతావాళ్ళ సంగతి మాత్రం నువ్వు మాట్లాడకు."

బద్యా వరండాలోకి వచ్చాడు. కమ్లి చెయ్యి పట్టుకున్నాడు. లోపలికి తీసుకుపోతే దాని చదువు సాగుతుంది. పిల్లలందరూ తననే చూస్తున్నారు.

"అందరిని నేనే తోల్కొచ్చిన. ఇదొక్కటి లోపలికి పోయి గా పిల్లలు ఎండల నిలబడితే, సాయంత్రం తండాల బండి ఎట్ల ఆపాలె?" అని నన్నడిగాడు. అతను అప్పటికే అందరినీ వ్యానెక్కించి తెచ్చేశాడు. కమ్లి వెనక సీట్లో కిటికీకి తల ఆనించి ఉంది.

ఆ వారమే స్కూలు వాళ్ళు బద్యా వ్యాను మాన్పించారు. తండా కూర్చుంది. డబ్బు చేతికొచ్చేదాకా ఎవరూ పంపకూడదని మాట అనుకున్నారు. పనికి దొరికేది ఆ రోజుల్లో మిర్చి ఏరుడు ఒక్కటే. గోపాలు అనే మేస్త్రీ పెద్ద రైతుల తోటలకు కూలీలను కుదుర్చుతాడు. తల్లుల వెంట పిల్లలూ పోయారు. పిల్లలను నీడన కూర్చోబెట్టి తాలు ఏరమంటారు, అంటే కళ్ళంలో ఆరబోసిన ఎర్ర కాయల్లోంచి తెల్లబడ్డ పనికిరాని కాయల్ని వేరుచేసే పని. "పిల్లల చేతులు మెత్తగుంటయి, కాయ నలగది" అనేవాడు గోపాలు, మెచ్చుకుంటున్నట్టు.

మే నెలలో బద్యా, ద్వాలి మండలంలో విద్య చూసే మేడమ్ దగ్గరికి పోయారు. ఆమె మంచిగానే మాట్లాడింది. జూన్‌లో పిల్లల్ని తీసుకుని పాత బడి దగ్గరికి రమ్మంది, వచ్చి చూస్తానంది. బద్యా ఆ రోజు నా షాపు ముందు బండి ఆపి, బ్లేడుతో వ్యాను మీది స్కూలు పేరు గీకేశాడు. రంగు పోయింది కానీ అక్షరాల నీడ మిగిలింది.

జూన్‌లో బళ్ళు తెరిచే ముందే గోపాలు వచ్చాడు. విత్తనాల వేళ. వచ్చే సీజన్ మిర్చికి ఇప్పుడే అడ్వాన్సు ఇస్తానన్నాడు. ఇళ్ళన్నీ దానికోసమే చూస్తున్నాయి.

"పెద్దోళ్ళు, పిల్లలు, అందరు వస్తేనే. సగం మందిని పెట్టుకొని నేను రైతుకు ఏమని చెప్పాలె?" అన్నాడు. అదే మాట. కుర్చీ కూడా అదే.

జెండా దగ్గర ఈసారి బద్యా లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ రాదు. అది బడికి పోతది. మీ పిల్లలను గూడా పంపుండ్రి. రేపు మేడమ్ వస్తది."

"పోడు కాడ లాఠీలకు నిలబడ్డ తండా ఇది" అన్నాడు మంగీలాల్. "గప్పుడు గిట్లనే ఎవడన్న పక్కకు జరిగుంటే నీ చేను దక్కునా?"

"చేను దక్కింది నాయక్. పిల్లలు దక్కుతలేరు."

అతని వెనక ఎవరూ లేవలేదని ద్వాలి చెప్పింది. తెల్లారి కమ్లికి స్నానం చేయించి, పాత సంచి భుజానికి వేసి, బద్యా ఒక్కడే బడికి తీసుకుపోయాడు. అంతకుముందే క్రాస్ రోడ్డుకు వచ్చి నన్నూ ఎక్కించుకున్నాడు, మేడమ్ ఏదైనా రాయమంటే రాస్తావని. రవీందర్ సారు కూడా వచ్చాడు. బద్యా ఫోన్ చేసి పిలిచాడట. మేము నలుగురం ఆ వరండాలో నిలబడ్డాం. లోపలి బస్తాల ఘాటు తలుపు సందులోంచి వస్తూనే ఉంది.

మేడమ్ జీపు దిగి చుట్టూ చూసింది. "మిగతా పిల్లలేరి?"

"ఇప్పటికి ఇదొక్కతే మేడమ్" అన్నాడు బద్యా. "సారు అప్పట్ల చెప్పిండు. ఒక్క పిల్ల ఉన్నా బడి ఉంటదని."

ఆమె రవీందర్ సారు వైపు చూసింది. ఆయన నేల చూశాడు.

"అది బడి నడుస్తున్నప్పటి మాట బాబూ. ఒక్కరున్నా మూయకుండా ఆపేవాళ్ళం. మూసిన బడి తెరవాలంటే ఒక్కరు చాలరు."

బద్యాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నా వైపు తిరిగాడు, నేనేదో వేరేగా చెప్తానన్నట్టు. నాకు మేడమ్ మీద కోపం వచ్చింది, తర్వాత ఎవరి మీద రావాలో తెలియలేదు.

హాస్టల్ ఉన్న ఆశ్రమ పాఠశాలలో చేర్చమని ఆమె దారి చూపించింది. స్కూలు నుంచి టీసీ తెమ్మంది. రవీందర్ సారు తానే పోయి కరస్పాండెంట్‌ను అడిగాడు. బాకీ తీరందే టీసీ ఇవ్వడం కుదరదన్నాడు ఆయన, కాఫీ తెప్పించి మరీ. ఇచ్చినా అందులో ఒకటో తరగతి అనే ఉంటుంది. పక్క ఊరి బడికి పోవాలంటే వాగు దాటాలి. ఆ జూలైలో వాగు పొంగు దిగనే లేదు.

తండా దండుగ వేసింది. డబ్బు అడగలేదు. మిర్చి సీజన్ నడిచినన్నాళ్ళూ తండాను బద్యా తన వ్యానులోనే తోటలకు చేర్చాలి, మళ్ళీ తేవాలి. ఒప్పుకుంటే అతని ఇంటికి వస్తారు, పోతారు. బద్యా ఒప్పుకున్నాడు. ద్వాలి పనికి పోతే ఇంట్లో కమ్లి ఒక్కతే ఉండాలి. ఉండలేదు కదా.

మొన్న పొద్దున్నే వ్యాను గాలి కోసం నా షాపు ముందు ఆగింది. ఇంకా లైట్లు వేసుకునే ఉంది. లోపల ఎవరి సీట్లలో వాళ్ళు, బడికి పోయినప్పుడు కూర్చున్న వరసలోనే, చిన్నవాళ్ళు ముందు. ఘాటు తగలకుండా మొహాలకు గుడ్డలు కట్టుకున్నారు, కళ్ళు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను. కమ్లిని మాత్రం మోకాళ్ళు పక్కకు పెట్టుకుని కూర్చోవడం చూసి గుర్తుపట్టాను. ఇప్పుడు ముందర కావలసినంత చోటుంది. అలవాటైపోయింది.

"ఏం కమ్లీ, ఇయ్యాల షట్టర్ తెరిచే ఉంది చూసినవా?" అన్నాను.

అది బోర్డు వైపు చూడలేదు.

గాలి పట్టాను. బద్యా ఎక్కి కూర్చుని, బండి కదిలించే ముందు అలవాటుగా హారన్ మీద చెయ్యి వేశాడు. పొట్టిగా రెండుసార్లు, తర్వాత పొడుగ్గా. ఎవరో ఇంకా రావాలన్నట్టు, వాగు వైపు చూస్తూ, చెయ్యి తీయకుండా.

"కొట్టకు బాపూ" అంది కమ్లి గుడ్డ వెనక నుంచి. "అందరం ఎక్కినం. ఎవ్వరు మిగల్లే."